పాట సాక్షియే గాని తీర్పరి గాదు

దేశభక్తి గీతము లేని ఉత్సవము నేడు మన నగరమున కానరాదు. జూన్ 2, ఆగస్టు 15, సెప్టెంబరు 17 వచ్చినచో సైదాబాదు మొదలు దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరుల వఱకు గల పేటలన్నిటను ధ్వనివర్ధకములు మ్రోగును. పాఠశాలల వేదికలపై బాలురు విల్లంబులు దాల్చి అల్లూరి సీతారామరాజులగుదురు. బాలికలు కొంగు నడుమునకు బిగించి చాకలి ఐలమ్మలగుదురు. తలిదండ్రులు చూచి మురియుదురు. ఇది సంతోషింపదగిన విషయమే. తన పూర్వుల పోరాటములను పాడుకొనని జాతి తన్ను తాను మఱచిన జాతి. ఐనను ఇట్టి సభలకు పోయి వచ్చునప్పుడెల్ల మాకొక సంశయము కలుగుచున్నది. పాడిన పాటను ఎవరు కట్టిరి? ఎన్నడు కట్టిరి? ఎవరి నెదిరించి కట్టిరి? ఈ మూడు ప్రశ్నలకు పాడిన బాలుడు గాని, నేర్పిన ఉపాధ్యాయుడు గాని, సభాధ్యక్షుడు గాని బదులు చెప్పగల సభలు ఎన్ని?

పండితుల వినోదమునకై మేమీ ప్రశ్నలు వేయుటలేదు. ఈ సంస్థానమున ఒకనాడు పాటయే నేరమై యుండెను. 1938 నవంబరులో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో వందేమాతరము పాడరాదని అధికారులు శాసించిరి. విద్యార్థులు వినక పాడిరి, బహిష్కృతులైరి. వందలకొలది యువకులు చదువులు కోల్పోయిరి. వారిలో పెక్కుమందికి నాగపురి విశ్వవిద్యాలయము ఆశ్రయమిచ్చెను. ఆ ఉద్యమమున పాల్గొని నాగపురి చేరినవారిలో తరువాత భారత ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావు గారొకరు. చెఱసాలలో కొరడా దెబ్బ పడినప్పుడెల్ల ఆ మాటనే పలికిన రామచంద్రరావు గారికి 'వందేమాతరం' అనునది జీవితాంతము పేరులో భాగమైపోయెను. సైదాబాదు పొరుగుననే చంచల్‌గూడ చెఱసాల గలదు. ఎందఱు రాజకీయ ఖైదీలు ఆ గోడల లోపల దినములు లెక్కించిరో పెద్దలెఱుగుదురు. పాటకై చదువును, స్వేచ్ఛను విడిచినవారి బిడ్డలమైన మనము పాటను మాత్రము మిగుల్చుకొని దాని వెలను మఱచుట న్యాయమగునా?

కథ పోయి పేరు మాత్రము మిగిలిన యెడల ఏమగునో చూడగోరువారు దూరము పోనక్కఱలేదు. మూసారాంబాగు మీదుగా దినమునకు వేలమంది రాకపోకలు సాగింతురు. ఆ పేరు ఎవరిదో ఎఱిగినవారు కొలదిమందియే. రెండవ నిజాము కొలువున ఫ్రెంచి సేనలకు నాయకత్వము వహించిన రేమాండు 1798 మార్చిలో మరణించెను. జనులాయనను హిందువులైనచో మూసారాముడనియు, ముస్లిములైనచో మూసారహీమనియు పిలుచుకొనిరి. అస్మాన్‌గఢ్ గుట్టమీది ఆయన సమాధికడ ఏటేట ఉర్సు జరిపిరి. ఆయన గతించిన ఏడే, అక్టోబరు మాసమున ఆంగ్లేయులు ఆ ఫ్రెంచి పటాలములచే ఆయుధములు దింపించిరి. నాటినుండి నిజాము రాజ్యము కుంపిణీ సేనల నీడన మెలగవలసివచ్చెను. ఇంతటి చరిత్ర నేడు బస్సు నిలుపుచోటి పేరుగ మిగిలినది. వీరగీతములకు సైతము ఇదే గతి పట్టకుండుటకై మనము ఇప్పుడే మేలుకొనవలయును.

మేము న్యాయస్థానములలో సాక్షులను ప్రశ్నించుటయే వృత్తిగాగలవారము. ఆ వృత్తి మాకొక సంగతి నేర్పినది. సాక్షి మాట అమూల్యము. కాని సాక్షి తాను చూచినది మాత్రమే చెప్పును, తాను నిలిచిన చోటినుండి మాత్రమే చూచును. ఒక్క సాక్షి మాటపై తీర్పు వ్రాయు న్యాయాధిపతిని మనము మెచ్చము. పాటయు అట్టి సాక్షియే. దానిని గౌరవముతో బోనెక్కింపవలయును, శ్రద్ధతో వినవలయును, ప్రశ్నింపవలయును. దానిని న్యాయపీఠముపై కూర్చుండబెట్టరాదు.

సర్వాయి పాపన్న కథ ఇందుకు తగిన ఉదాహరణము. కల్లుగీత కుటుంబమున పుట్టి, కులవృత్తి వలదని, కోటలు కట్టి, మొగలు అధికారులను గడగడలాడించిన ఈ వీరుడు 1708లో వరంగల్లును కొట్టెను. 1710లో పట్టుబడి చంపబడెను. నాటి పారశీక చరిత్రకారుడు ఖాఫీఖాను ఈతనిని దారిదోపిడికాడుగ వ్రాసెను. జనులు ఈతనిని వీరునిగ పాడుకొనిరి. ఆ పాటను బాయిల్ అను ఆంగ్లేయుడు 1874లో 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికయందు ప్రకటించెను. పాపన్న అనుచరులలో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరులును, హసను, హుసేను అను పేరుగల ముస్లిములును ఉండిరని మనకు తెలిపినది ఆ పాటయే. కొలువు చరిత్రకారునకు ఆ పేరులతో పని లేదు. వరంగల్లు ముట్టడి మొహరము దినములలో జరిగెననియు, అందు స్త్రీలును పిల్లలును వేలకొలదిగ చెఱగొనబడిరనియు తెలిపినది చరిత్రకారుడు. పాటకు ఆ ఊసుతో పని లేదు. ఇద్దఱును సాక్షులే. ఇద్దఱిని విన్నవానికి గాని పాపన్న సంపూర్ణముగ కానరాడు. 2022 మొదలు ప్రభుత్వమే పాపన్న జయంతిని జరుపుచున్నది. సంతోషము. పూలదండతో పాటు ఈ రెండు సాక్ష్యములను సభవారికి వినిపించినచో ఆ వీరుని గౌరవమునకు కొఱత కలుగునా? కలుగదు. ఆయన బొమ్మ కాక మనుష్యుడగును.

కాలము మాఱిన కొలది ఒకే పాట వేఱు వేఱు చెవులకు వేఱుగ వినబడుననుటకు మన తరమే సాక్షి. శంకరంబాడి సుందరాచారిగారు 1942 ప్రాంతమున రచించిన తెలుగుతల్లి గీతము 1975లో హైదరాబాదు నగరముననే జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలలో మ్రోగినది. ఆంధ్రప్రదేశమునకు అధికార గీతమైనది. ప్రత్యేక రాష్ట్రోద్యమ దినములలో ఇచ్చటి యువకులకు అదే గీతము తమ భాషను, తమ యాసను, తమ ఏఱులను కాదన్నవారి పాటగ వినబడెను. వారు అందెశ్రీ గీతమును చేపట్టిరి. అది 2024లో తెలంగాణ రాష్ట్రగీతమయ్యెను. 2025 నవంబరులో అందెశ్రీ గారు దివంగతులైరి. సుందరాచారి గారు ఎవ్వరిని కించపఱచుటకును వ్రాయలేదు. యువకుల మనస్తాపమును అబద్ధము కాదు. పాట పుట్టిన వేళను, పాడబడిన వేళను రెంటిని చెప్పినగాని ఈ చిక్కు వీడదు. చెప్పనిచో రెండు తరములవారు ఒకరినొకరు ద్రోహులని తలంతురు.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచిన విషయమునకు వత్తుము. సెప్టెంబరు 17వ తేదీకి 2022 మొదలు కేంద్ర ప్రభుత్వము ఒక పేరును, రాష్ట్ర ప్రభుత్వములు వేఱు పేరులను పెట్టుచున్నవి: విమోచనము, సమైక్యత, ప్రజాపాలన. పేరేదైనను ఆ దినమున సాయుధపోరాట గీతములు పాడబడును. రజాకార్ల దురాగతములు వేషములతో ప్రదర్శింపబడును. ఆ దురాగతములు కల్పితములు కావు. 1948 ఆగస్టు 27న బైరానుపల్లి బురుజుకడ ఒఱిగినవారి నెత్తురు సత్యము. దానిని మఱవుమని చెప్పు అధికారము ఎవ్వరికిని లేదు. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి మొదలగువారు కట్టిన పాటలు ఆ కాలపు సత్యసాక్ష్యములు; వెట్టిచాకిరి క్రింద నలిగినవాని గొంతు ఏ ప్రభుత్వ కాగితముల యందును అంత స్పష్టముగ వినబడదు.

కాని ఆ పాటలు ఎవరిపై కట్టబడెనో మఱచినచో వాని సాక్ష్యము వక్రమగును. పాలకుర్తి ఐలమ్మ పంటపై పడినది విసునూరు దేశముఖు మనుష్యులు. జనగామ ప్రాంతమున కామారెడ్డిగూడెపు రైతు షేక్ బందగీ తన కొద్దిపాటి భూమికై ఆ దేశముఖు బలగముతోడనే ఏండ్ల తరబడి వ్యాజ్యమాడెను. న్యాయస్థానమున గెలిచెను. గెలిచినందులకు 1940లో దారికాచి చంపబడెను. న్యాయవాదులమైన మాకు ఈ కథ తలపునకు వచ్చినప్పుడెల్ల తల వంగును. చట్టము ఆతనికి తీర్పు నిచ్చినది గాని ప్రాణము నిలుపలేకపోయినది. ఆతని కథయే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల 'మా భూమి' నాటకమునకు ప్రేరణయైనది. ప్రజానాట్యమండలివారు దానిని ఊరూర నాడిరి. నాటి మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. ఇట్లు తెలంగాణ పోరాటమునకు రంగస్థలముపై దొరకిన మొదటి వీరునికి మూలపురుషుడొక ముస్లిము రైతు; ఆతనిని చంపించినది హిందువగు దేశముఖు పక్షము. ఇది మతముల పోరు కాదు, భూమి పోరు, వెట్టి పోరు, అధికారపు పోరు.

ఇంకొక పేరు. 'ఇమ్రోజ్' అను ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాను హైదరాబాదు భారతదేశమున చేరవలయునని వ్రాసినందులకు 1948 ఆగస్టులో కాచిగూడ ప్రాంతమున హతుడయ్యెను. వ్రాసిన చేతినే నఱికిరి. అంతకు తొంబదియొక్క యేండ్లకు ముందు, 1857 జులై 17న తుర్రెబాజ్‌ఖాను, మౌల్వీ అలావుద్దీనులు కోఠీలోని ఆంగ్ల రెసిడెన్సీపై దండెత్తిరి. సైదాబాదునుండి కోఠీకి ఎంత దూరము? ఈ మువ్వురి వేషములను మన పేటల వేదికలపై ఎన్నిమారులు చూచితిమి? మేమైతే వ్రేళ్లపై లెక్కించునన్ని మారులును చూడలేదు.

పాఠకులు ఒక్క నిమిషము ఊహింపవలయును. ఒక పాఠశాలలో సెప్టెంబరు 17న నాటిక. ఉపాధ్యాయుడు పాత్రలు పంచును. తరగతిలో నలుగురు ముస్లిము బాలురు గలరు. రజాకారు వేషము ఎవరికి ఇచ్చెదరు? ఏటేట ఆ వేషము ఆ బాలురకే వచ్చినయెడల, లేదా ఎవరు వేసినను ఆ వేషమునకు గుర్తు గడ్డమును టోపియు మాత్రమే యైనయెడల, ఆ నలుగురును ఇంటికి ఏమి తీసికొనిపోవుదురు? తోటి పిల్లలు ఏమి నేర్చుకొందురు? సైదాబాదు ఒక మతపు పేట కాదు. ఇచ్చట గుడి గంటయు, మసీదు పిలుపును ఒకే వీధిలో వినబడును. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే కిరాణా దుకాణమున పలుకబడును. ఇట్టిచోట చరిత్రను సగము చెప్పినచో అది పొరుగువారి నడుమ గోడ యగును. ఆ బాలునకే బందగీ వేషమిచ్చి చూడుడు. షోయబుల్లాఖాను కలము చేతికిచ్చి చూడుడు. రజాకారు పాత్రయు ఉండవలసినదే. దాని ప్రక్కన ఆతని నెదిరించి ప్రాణమిచ్చిన ముస్లిము పాత్రయు, నిజాము నీడన జనులను పీడించిన హిందూ దేశముఖు పాత్రయు ఉండవలయును. అప్పుడు గాని అది చరిత్ర కాదు, వట్టి వేషమే.

పోలీసు చర్య పిమ్మటి సంగతియు చెప్పక తీరదు. 1948 సెప్టెంబరు 13న ప్రారంభమై 17న ముగిసిన ఆ చర్య తరువాత సంస్థానపు పెక్కు జిల్లాలలో, విశేషించి పడమటి మరాఠీ, కన్నడ జిల్లాలలో, ముస్లిము జనులపై ఘోరములు జరిగెను. నెహ్రూ ప్రభుత్వము పంపిన పండిత సుందరలాలు సంఘము విచారించి, తక్కువలో తక్కువగ 27,000 మొదలు 40,000 వఱకు జనులు మరణించిరని వ్రాసెను. ఆ నివేదిక దశాబ్దములపాటు మఱుగున నుండి 2013లో వెలికివచ్చినది. సుందరలాలు గారు పరదేశి కారు, కాంగ్రెసు దేశభక్తులు. తమ జాతి తప్పును వ్రాయుటకు వెనుదీయలేదు. ఆ నివేదికయందే మఱియొక సంగతి గలదు: కొన్నియెడల హిందూ నేతగాండ్రు తమ తోటి ముస్లిము నేతగాండ్రను ప్రాణములొడ్డి కాపాడిరి. దేశభక్తి యననేమో చూపగోరు నాటకకర్తకు దీనికంటె గొప్ప రంగము ఎచ్చట దొరకును?

ఇట్టి మాటలు ఉత్సవ దినమున చెప్పినచో జనుల ఉత్సాహము చల్లబడునని కొందఱు మిత్రులు మాతో వాదించుచున్నారు. పాట హృదయమునకు గాని బుద్ధికి గాదనియు, పిల్లలకు మొదట అభిమానము నేర్పి, వివేచనము పెద్దయైన పిమ్మట నేర్పవచ్చుననియు వారి యభిప్రాయము. వీరి చిత్తశుద్ధిని మేము శంకింపము. కాని సత్యము వినగానే చల్లబడు ఉత్సాహము ఎంతకాలము నిలుచును? పెద్దయైన బాలుడు సగము కథ మాత్రమే తనకు చెప్పబడెనని తెలిసికొన్ననాడు ఆ సగమును సైతము నమ్మడు. బైరానుపల్లి నిజమును రేపటివారు నమ్మవలెనన్న, తక్కిన నిజములను నేడు మనము దాచరాదు.

గతమును ఆడి చూపు విద్య మనవారికి క్రొత్త కాదు; దానిని ఎట్లు ఆడవలయునో మన పూర్వులకు తెలియును. పల్నాట కారెంపూడిలో ఏటేట కార్తికమున ఐదు దినములు వీరుల తిరునాళ్లు జరుగును. పండ్రెండవ శతాబ్దమున నాగులేటి గట్టున జరిగిన అన్నదమ్ముల పోరును అచ్చట మఱల నడుపుదురు. వీరవిద్యావంతులు కథ పాడుదురు. ఆచారవంతులు వీరుల ఆయుధములు మోసికొని వత్తురు. ఆ ఐదు దినముల పేరులు వినుడు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. విఫలమైన సంధి యత్నమునకొక దినము, కలహమునకు కారణమైన కోడిపందెమునకొక దినము, నేలకొరిగినవారికొక దినము. గెలుపు దినమని ఒక్కటియు లేదు. అన్ని కులములవారు ఒక్క చాపపై కూర్చుండి భుజించిన బ్రహ్మనాయుని చాపకూడును సైతము అచ్చట నేటికిని తలచుకొందురు. శతాబ్దములుగ పాడబడుచున్న ఆ కథ ద్వేషము పెంచక దుఃఖమును, వివేకమును పెంచుచున్నదనిన, అందులకు కారణము వారు కథను తుదివఱకు చెప్పుటయే.

పరదేశములందును ఈ సమస్య గలదు. అమెరికాలోని గెట్టిస్‌బర్గు యుద్ధమును (1863) అచ్చటివారు ఉభయపక్షముల దుస్తులు ధరించి నేటికిని ఆడి చూపుదురు. మేరీలాండు రాష్ట్రము 1939లో తన గీతముగ స్వీకరించిన పాట 1861లో బానిసత్వమును నిలుపజూచిన పక్షమునకై వ్రాయబడినది. అందలి నీగ్రో సంతతివారికి ఆ పాట ఎట్లు వినబడునో తలచుకొనుటకు ఆ రాష్ట్రమునకు ఎనుబది యేండ్లు పట్టినది. 2021లో దానిని తొలగించిరి. మన పాటలను తొలగింపుమని మేము కోరుటలేదు. అవి పీడకుల పాటలు కావు, పీడితుల పాటలు. వానిని పూర్తిగ వినుడని మాత్రమే కోరుచున్నాము.

కావున సైదాబాదు, దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతముల యువజన సంఘములకు, పాఠశాలలకు, గ్రంథాలయములకు మా మనవి యిది. మొదటిది: పాటకు ముందు రెండు నిమిషముల పరిచయము ఉండవలయును. కట్టినవారి పేరు, ఏడు, ఊరు, సందర్భము చెప్పి పిమ్మట పాడుడు. రెండవది: వేషము కట్టింపబోవు ఉపాధ్యాయులు ఏ పాత్రయు మతమునుబట్టి పంచరాదు, ప్రతి నాటికలోను ఉభయ మతముల వీరులు, ఉభయ మతముల పీడకులు కనబడవలయును. మూడవది అన్నిటికంటె తొందర గలది. నల్లగొండ, జనగామ, పాలమూరుల నుండి వచ్చి విజయవాడ బాట, సాగరు బాటల వెంట స్థిరపడిన వృద్ధులు మన పేటలలో ఎందఱో గలరు. వారి నోట పాత పాటలు గలవు. 2025 సెప్టెంబరులో సరూర్‌నగరు క్రీడాప్రాంగణమున 60 అడుగులకు మించిన బతుకమ్మను పేర్చి ప్రపంచ రికార్డు సాధించిరి. పూల యెత్తును కొలిచితిమి; మంచిదే. ఆ బతుకమ్మ చుట్టు పాడు ముసలమ్మల నోట నున్న పాటలను ఎవరు లెక్కించిరి? బిరుదురాజు రామరాజుగారు ఊరూర తిరిగి సేకరించి తమ జానపద గేయ గ్రంథమును 1958లో వెలువరించిరి. ఆయనకు లేని సాధనము నేడు ప్రతి విద్యార్థి చేతిలో గలదు. ఆ ఫోనుతో అవ్వ పాటను పట్టి, ఆమె ఆ పాట ఎచ్చట విన్నదో, ఎవరిపై కట్టినదో అడిగి వ్రాసికొని, దగ్గఱి పఠనాలయమునకు ఇచ్చినచో ఒక్క వేసవి సెలవులలో ఒక్కొక్క పేటకు ఒక్కొక్క గేయ భాండారము సిద్ధమగును. ఆ పనికి ప్రభుత్వపు ఉత్తర్వు అక్కఱలేదు, చందా అక్కఱలేదు.

1901లో రెసిడెన్సీ బజారున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలకు అనుకూలమగు రాజ్యము లేదు. వారికున్నది ఒక్క నమ్మకము: చదివిన జాతిని ఎవ్వరును బానిసగ ఉంచలేరని. నేడు మనకు పాడుకొను స్వేచ్ఛ గలదు, పాడనీయని దొర లేడు. ఆ స్వేచ్ఛకు తగిన బాధ్యతను కూడ మనమే వహింపవలయును. పాడుదము, గొంతెత్తి పాడుదము. పాడిన పాట మన పొరుగింటి బిడ్డ తల వంచుకొని వినవలసినది గాక, మనతో కలిసి అందుకొనదగినదై యుండునట్లు కథ యావత్తు చెప్పి పాడుదము.